మిక్ ఫోలీ తిన్న దెబ్బలు నిజమా, ఉత్తుత్తివా?

పదో తరగతి చదువుతున్న మీ తమ్ముడు అమెరికా రెజ్లర్ మిక్ ఫోలీ వీడియోలు చూసి తానూ హార్డ్‌కోర్ రెజ్లర్ (కుర్చీలు, ముళ్లకంచెల్లాంటి వాటితో ఆడేవాడు) అవుతానంటున్నాడని, అసలు ఆ దెబ్బలు నిజంగా తగులుతాయా అని అడిగారు. ఇలాంటిది మా ఇంట్లోనే జరిగింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

2001 వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లాం. నాకు 13 ఏళ్లు, మా పిన్ని కొడుక్కి 11. ఊళ్లో సీడీల షాపు నుంచి అద్దెకు తెచ్చిన సీడీలో, అండర్‌టేకర్ అనే రెజ్లర్ ఫోలీని రింగు చుట్టూ ఉన్న ఇనుప పంజరం మీద నుంచి కింద కామెంటేటర్ల బల్ల మీదికి విసిరేయడం చూశాం. మర్నాడు మధ్యాహ్నం పెద్దవాళ్లంతా నిద్రపోతుంటే పశువుల కొట్టం గోడ పక్కన నులక మంచం వేశాం. అదే మా కామెంటేటర్ల బల్ల. తమ్ముడు గోడెక్కాడు. నేను తొయ్యలేదు గానీ, "దూకెయ్‌రా, నులకే కదా, ఏం కాదు" అన్నది మాత్రం నేనే. వాడు నులక మీద పడలేదు. మోచెయ్యి నేరుగా మంచం పట్టెకు కొట్టుకుంది. వాడు ఏడవను కూడా లేదు. చేతి వైపు చూసుకుని "అన్నా" అన్నాడు, అంతే. ఆ పిలుపు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. ఆ ఎడమ చెయ్యి ఈ రోజుకీ పూర్తిగా చాపలేడు.

గెలిచేదెవరో రెజ్లర్లు ముందే అనుకుని వస్తారు, అది నిజమే. కానీ ముందే మాట్లాడుకున్నంత మాత్రాన 16 అడుగుల పంజరం ఎత్తు 6 అడుగులు అయిపోదు. రింగు అంటే ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, కాన్వాసు గుడ్డ. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా పడటం నేర్పుతారు. దీన్నే వాళ్లు బంప్ అంటారు. దానివల్ల దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు.

ఫోలీ కాలేజీలో ఉండగా లిఫ్టులు అడుక్కుంటూ న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియానికి వెళ్లాడు. 1983 అక్టోబరులో అక్కడ రెజ్లర్ జిమ్మీ స్నూకా పంజరం పైనుంచి ప్రత్యర్థి మీదికి దూకడం చూసి, తన జీవితం ఇదేనని అనుకున్నాడు. అంటే మీ తమ్ముడిలాగే అన్నమాట. కానీ ఆ తర్వాత ఏం చేశాడో కూడా చెప్పాలి. కాలేజీ మానకుండానే వారాంతాల్లో గంటల కొద్దీ కారు నడుపుకుంటూ పెన్సిల్వేనియాలో పాత రెజ్లర్ డొమినిక్ డెనూచీ దగ్గరికి వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. రాత్రుళ్లు కారులోనే పడుకునేవాడు.

1994 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్‌లో వేడర్ అనే రెజ్లర్‌తో ఆడుతూ, తల రింగు తాళ్ల మధ్య ఇరుక్కున్నట్టు చేసే తన మామూలు విన్యాసం చేశాడు. ఆ రోజు తాళ్లు మరీ బిగుతుగా ఉన్నాయి. గింజుకుని బయటపడేసరికి కుడి చెవి చీలిపోయింది, కాసేపటికి చాలా భాగం ఊడి కింద పడింది. రెఫరీ దాన్ని తీసి పక్కకు అందిస్తుంటే ఫోలీ ఇంకా ఆడుతూనే ఉన్నాడు. ఆ చెవి మళ్లీ అతకలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో జపాన్‌లోని కవాసాకి స్టేడియంలో ముళ్లకంచెలు, పేలుడు పదార్థాల మధ్య ఒకే రోజు మూడు మ్యాచ్‌లు ఆడి, ఫైనల్లో తన ఆరాధ్యుడు, రెజ్లర్ టెర్రీ ఫంక్‌ను ఓడించాడు. చెయ్యి కాలింది.

ఇక మేం చూసిన మ్యాచ్. 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్. పంజరం పైనే మ్యాచ్ మొదలుపెట్టాలన్న ఆలోచన ఫంక్‌తో మాట్లాడుతుండగా వచ్చిందే. మొదటిసారి కింద పడటం అనుకున్నదే, అయినా భుజం జారింది. స్ట్రెచర్ దిగి మళ్లీ పైకెక్కాడు. రెండోసారి పంజరం పైకప్పు ఊడిపోయి రింగులో పడటం ఎవరూ అనుకోనిది. స్పృహ తప్పింది. తనతో పాటు పైనుంచి పడిన కుర్చీ ముఖానికి తగిలి పన్ను విరిగింది. ఆ తర్వాత ఆటలో గుండుపిన్నులు చల్లి వాటి మీదే పడ్డాడు. అయిపోయాక లోపలికెళ్లి, పిన్నులు వాడామా లేదా అని అండర్‌టేకర్‌నే అడిగాడట. ఒంటి నిండా అవే గుచ్చుకుని ఉన్నాయి, ఫోలీకి మాత్రం గుర్తు లేదు. మీ తమ్ముడికి ఈ ఒక్క సంగతి చెప్పండి.

నన్నడిగితే ఫోలీ గొప్పతనం ఆ పతనాల్లో లేదు. ఎత్తు నుంచి పడినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. చెవి లేని, పొట్ట ఉన్న, చింపిరి జుట్టు మనిషిని జనం తమవాడు అనుకున్నారంటే అది ఆయన మాట వల్ల, ముఖంలోని బాధ వల్ల. 1999 జనవరి 4న ఆయన ది రాక్ అనే రెజ్లర్‌ను ఓడించి చాంపియన్ అయ్యే టీవీ షో ఎపిసోడ్ ప్రసారమైంది. అది ముందే రికార్డు చేసినది. పోటీ చానల్ వాళ్లు ఎగతాళిగా ఆ ఫలితాన్ని ముందే బయటపెట్టేశారు. చూసేవాళ్లు లక్షల్లో ఛానల్ మార్చి ఫోలీ గెలుపు చూడటానికే వెళ్లిపోయారు. తర్వాత తన కథను కాగితాల మీద చేత్తో తానే రాసుకున్నాడు, అది అమెరికాలో అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది.

2000లో, 35 ఏళ్లు కూడా నిండకుండానే, రోజువారీ రెజ్లింగ్ మానేశాడు. అప్పుడప్పుడూ తిరిగొచ్చినా శరీరం అప్పటికే అరిగిపోయింది. 2010లో ఈ రెజ్లింగ్ షోలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ తల మీద కుర్చీతో కొట్టడాన్ని నిషేధించింది. ఫోలీ తరం వాళ్లు వారం వారం తిన్న దెబ్బ అది.

మీ తమ్ముడిని తిట్టకండి, వీడియోలు ఆపకండి. ఇంకొక్కటి పక్కన కూర్చుని చూపించండి. 1999 జనవరిలో రాక్‌తో ఆడిన 'ఐ క్విట్' మ్యాచ్, అంటే ఒకరు 'ఇక నావల్ల కాదు' అనేదాకా ఆగనిది. చేతులకు బేడీలు ఉండగా ఫోలీ తల మీద ఇనుప కుర్చీతో 11 సార్లు కొట్టారు. చేతులు అడ్డం పెట్టే వీలు లేదు. ముందు వరుసలో ఆయన భార్య, చిన్నపిల్లలు కూర్చున్నారు. ఒక డాక్యుమెంటరీ కెమెరా వాళ్ల మీదే ఉంది. పాప ఎలా ఏడ్చిందో వాడిని చూడమనండి. కుస్తీ మీద నిజంగా ఇష్టముంటే మంచి గురువు దగ్గర చేర్పించండి. హైదరాబాద్ పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలీంలు ఇప్పటికీ ఉన్నాయి.

మా తమ్ముడికి రెజ్లింగ్ అంటే ఇప్పటికీ ప్రాణం. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియానికి డబ్ల్యూడబ్ల్యూఈ వస్తే ఇద్దరం వెళ్లాం. రెజ్లర్ జాన్ సీనా రాగానే వాడు చేతులు రెండూ పైకెత్తి అరిచాడు, ఎడమ చెయ్యి మాత్రం సగమే లేచింది. మీ తమ్ముడు సరేనంటే చెప్పండి, వాడితో ఫోన్లో మాట్లాడిస్తాను.