గిరీశం కోటు ఎవరిది?

"షార్ట్ ఫిల్మ్ రాసుకుంటున్నాను. హీరో మొదటి నుంచి చివరిదాకా ఒకే నీలం గళ్ల చొక్కాలో ఉంటాడు. ఆ చొక్కాయే అతని ఐడెంటిటీ అనుకుంటున్నాను. ఫ్రెండ్సేమో బట్టల్లో ఏముంటుంది, యాక్టింగులో ఉంటుంది గానీ అంటున్నారు. ఎవరు కరెక్టు?" అని కదా మీరు అడిగింది.

ఈ గొడవ ఒకసారి మా ఇంట్లోనే మా నాన్నకీ నాకూ జరిగింది. అదీ ఒక కోటు గురించి. అందుకే రాస్తున్నాను, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

మాది విజయనగరం. నాన్న టైలరు. గంటస్తంభం దగ్గర ఒక సందులో నలభై ఏళ్లు మిషను తొక్కారు. 2012లో గురజాడ 150వ జయంతి వచ్చినప్పుడు మా డిగ్రీ బ్యాచ్ వాళ్లం కొందరం కలిసి కన్యాశుల్కంలో నాలుగైదు సీన్లు వేద్దామనుకున్నాం. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది మా ఊళ్లోనే. కథ మొదలయ్యేదీ మా ఊళ్లోనే, బొంకులదిబ్బ మీద. పేరులోనే బొంకు ఉంది చూడండి, అబద్ధాలతో బతికే గిరీశాన్ని ఇంకెక్కడ నిలబెడతారు! ఆ డైలాగులు మాకు చిన్నప్పటి నుంచీ వింటున్నవే కాబట్టి మాటలు బట్టీ పట్టడానికి కష్టపడలేదు. తిప్పలన్నీ బట్టల దగ్గరే వచ్చాయి.

నాకు మధురవాణి అనే సాని వేషం ఇచ్చారు. దాంతోపాటు అందరి బట్టల బాధ్యతా నా నెత్తినే పెట్టారు, టైలరు కూతురివి కదా అని.

స్టేజీ మీద గిరీశం అంటే పంచె మీద కోటు, క్రాపు, నోట్లో చుట్ట. మన కళ్లకి అలా అలవాటైపోయింది. ముందు డ్రెస్సులు అద్దెకిచ్చే చోట అడ్వాన్సు కట్టి, పాతకాలం కోటు ఒకటి కావాలని చెప్పాను. రిహార్సల్ నాటికి వచ్చింది ఏమిటంటే మెరూన్ రంగు వెల్వెట్టు కోటు. కాలరు చుట్టూ జరీ. పెళ్లి రిసెప్షన్లో కొత్త పెళ్లికొడుకు వేసుకుంటాడే, అది. మా గిరీశం (బ్యాంకులో పని చేస్తాడు) అది తొడుక్కుని నిలబడితే పక్కన పెళ్లికూతురు ఏదీ అని అడగబుద్ధయింది. వెనక్కి ఇచ్చేస్తే అడ్వాన్సు రాలేదు. ఆ ఆరువందలు ఇప్పటికీ గుర్తే.

ఇక నాన్న దగ్గరికి వెళ్లక తప్పలేదు. కొలతలు రాసిన కాగితం ఇచ్చాను. ఆయన కాగితం చూడలేదు.

"కోటు ఎవలిది?" అన్నారు.

"గిరీశానిది నాన్నా. అందులో కొలతలు రాశాను కదా."

"అది కాదే గుంటా. ఆడికి కోటు కుట్టించుకోడానికి డబ్బులెక్కడివి? సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకుపోయి తగలేసినోడు, టైలరుకి కూలి ఇచ్చీసుంటాడా?"

అప్పటిదాకా మా బృందంలో ఒక్కరికీ రాని ప్రశ్న ఇది. పుస్తకం మొత్తం చదివినవాళ్లం, ఇరవై రూపాయల సంగతి మొదటి పేజీలోనే ఉందని తెలిసినవాళ్లం. కానీ ఆ ఇరవై రూపాయల్ని కోటు పక్కన పెట్టి చూడలేదు. నాన్న చూశారు. చూడరా మరి, కుట్టించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్ల పేర్లు ఆయన దగ్గర ఒక నోట్‌బుక్కు నిండా ఉండేవి.

నేనేమో గిరీశం షోకిలా మనిషి కాబట్టి కోటు నప్పేలా, టిప్ టాప్‌గా ఉండాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ కోటు ఎవరో పెద్దమనిషిది అయ్యుంటుందట. వాడిన కోటు ఇచ్చి ఉంటారు, లేదా ఇతనే రెండు రోజుల్లో ఇస్తానని తెచ్చి ఉంటాడు. అంతే గానీ వాడి ఒంటికి కుట్టింది మాత్రం కాదు. చివరికి ఇంట్లో ఉన్న పాత నల్లకోటు ఒకటి తీసి పని మొదలుపెట్టారు. ఎవరో వదిలేసి వెళ్లిపోయిన కోటే అది కూడా!

ఆయన చేసిన మార్పులు వరసగా చూశాను నేను. భుజం దగ్గర కుట్టు విప్పి అర అంగుళం కిందికి జార్చారు. చేతులు రెండు వేళ్లంత పొడుగుంటే అలాగే ఉంచేశారు. తర్వాత మధ్య గుండీ ఒకటి కత్తిరించి, డబ్బాలో వెతికి, అదే సైజులో గోధుమరంగుది తీసి కుట్టారు. మిగతావి నల్లవి. "కుట్టించుకున్నోడికి గుండీలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అడుక్కున్నోడికి ఒక్కటైనా తేడా ఉంటాది" అన్నారు. అంత దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది నాన్నా అంటే, "చూసేవోళ్లకి కాదు, తొడుక్కునేవోడికి" అన్నారు.

ఆఖరికి జేబులు. తీసిపారేయలేదు, పైనున్న మూతల కింద సన్నగా కుట్టేశారు, చెయ్యి దూరకుండా. "ఏసుకోడానికి ఏటుంది ఈడికి?"

ఆ సంగతి మా గిరీశానికి నేను చెప్పడం మర్చిపోయాను. (కావాలనే మర్చిపోయావంటాడు వాడు ఇప్పటికీ.) ఫైనల్ రిహార్సల్లో మొదటి డైలాగు చెబుతూ స్టైలుగా జేబులో చెయ్యి పెట్టుకోబోయాడు. దూరలేదు. రెండోసారి ప్రయత్నించాడు. టెన్షన్‌లో ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక పైకి తెచ్చి గోధుమరంగు గుండీ మీద పెట్టుకున్నాడు. అంతే, అక్కడ అతుక్కుపోయింది. శిష్యుడు వెంకటేశానికి లెక్చరు ఇస్తున్నా అరచెయ్యి గుండీ మీదే. ఆ పిల్లాడి తల్లి వెంకమ్మ ముందు ఇంగ్లీషు దంచుతున్నా అక్కడే. ఏదో దాచుకుంటున్నవాడిలా ఉన్నాడు. నెల రోజులుగా ఎంత చెప్పినా రానిది ఆ ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. మంచం కింద దూరి బయటికొచ్చే సీనుకైతే నాన్న కోటు వీపు మీద సుద్దపొడి కూడా చల్లారు, దుమ్ములాగా కనిపించాలని.

అలా ఆలోచిస్తే గిరీశం ఇంగ్లీషు కూడా ఆ కోటులాంటిదే అనిపించింది నాకు. అగ్రహారంలో వాడూ వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వెంకమ్మ మురిసిపోతుంది. అర్థమయ్యి కాదు, మెరుస్తోంది కాబట్టి. సంస్కరణ మీద లెక్చర్లూ అంతే. అవేవీ వాడి కొలతలకి కుట్టినవి కావు.

మన భాషలో ఒక తమాషా ఉంది, గమనించారా? "వేషం వేశాడు" అంటే నటించాడని. "వేషాలు వేస్తున్నాడు" అంటే మోసం చేస్తున్నాడని. ఒకటైతే కళ, ఒకటికి మించితే దొంగతనం!

మధురవాణి దగ్గరకొస్తే లెక్క తిరగబడుతుంది. ఏడో అంకంలో ఆమె మగవేషంలో విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆయన వకీలు, సానివాళ్ల మొహం చూడనని పట్టుదల ఉన్న మనిషి. తన బట్టల్లో వెళితే ఆమెను ఆయన గుమ్మం తొక్కనివ్వడు. ఆ కోటూ తలపాగా ఆమెకి గుమ్మం దాటడానికి టిక్కెట్టు, అంతే. ఆ వేషంలో ఉండి ఆమె చెప్పేవి మాత్రం నిజాలు. గిరీశం గుట్టు విప్పేది ఆవిడే. తన సొంత పేరుతో, రోజూ వేసుకునే కోటులో ఉన్నవాడేమో నాటకమంతా అబద్ధాలాడతాడు. 1897లో అచ్చయిన మొదటి కూర్పును గురజాడ 1909లో బాగా పెంచి రాశారు. మధురవాణి ఇంత మనిషైంది ఆ రెండో కూర్పులోనే.

నా మగవేషానికి నాన్న తన కోటే ఇచ్చారు. పెళ్లికి కుట్టుకున్నదట. ముప్ఫై ఏళ్లయినా ఒక్క గుండీ ఊడలేదు. తలపాగా కూడా ఆయనే చుట్టారు, జడంతా లోపలికి ముడిచి. గ్రీన్‌రూమ్‌లో ఊరికే జేబులో చెయ్యి పెడితే ఏదో తగిలింది. మడత పెట్టిన పది రూపాయల నోటు, ఒక తాళంచెవి. ఏమిటివి అని అడిగితే "సొంత సొమ్మున్న మనిషి కదా ఆవిడ, జేబు ఖాళీగా ఉంటే ఎలాగ?" అన్నారు. నిజమే, అంతమందిలో ఒకరికివ్వడానికి ఏదైనా ఉన్నది మధురవాణి దగ్గరే. ముసలి లుబ్ధావధాన్లు పెళ్లికి రామప్పంతులు తెచ్చిన కంటె (మెడలో వేసుకునే నగ) కూడా ఆవిడదే. స్టేజీ మీద ఆ తాళంచెవి పట్టుకుని నిలబడితే నాకు భయం వెయ్యలేదు. పైకి కనిపించని వస్తువే, అయినా నా నిలబడే తీరు మారిందని చూసినవాళ్లు చెప్పారు.

ఇక సౌజన్యారావు గారి బట్టల మీద చిన్న యుద్ధమే జరిగింది. మా బృందంలో పెద్దాయన ఒకరిది శ్రీకాకుళం. పొందూరు ఖద్దరు కట్టిద్దామన్నారు, మన ప్రాంతం బట్ట కదా అని. పొందూరు బట్టంటే నాకూ ఇష్టమే. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికే నూలు అది. చేతికి తగిలితేనే తెలుస్తుంది. కానీ గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిందే 1915 జనవరిలో. గురజాడ పోయింది అదే ఏడాది నవంబరులో. ఖద్దరు వేసుకోవడం అంటే ఫలానా అని జనానికి అర్థమైంది ఆ తర్వాతే. సౌజన్యారావుకి అది కట్టామంటే తెర లేవగానే ఆయన కాంగ్రెస్ నాయకుడు అయిపోతాడు, ఆయన మాట ఒక్కటి వినకముందే. బట్ట తప్పు కాదు, ఈ వందేళ్లలో దానికి అంటుకున్న అర్థం వేరు. ఆఖరికి ఒక మామూలు నల్ల కోటు, తలపాగా పెట్టాం. పెద్దాయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

బుచ్చమ్మ గురించి కూడా ఒక్క మాట. ఆవిడ వెంకటేశం అక్క, చిన్న వయసులో భర్త పోయిన పిల్ల. ఆవిడ చీర ఆవిడ ఎంచుకున్నది కాదు, లోకం కట్టించింది. ఆ చీర చెప్పేది బుచ్చమ్మ గురించి కాదు, కట్టించినవాళ్ల గురించి. అందుకే బట్టలు చూసి మనిషిని చెప్పేయొచ్చు అంటే నేను పూర్తిగా ఒప్పుకోను. తనకు తానుగా తొడుక్కున్న బట్ట వేరు, ఇంకొకరు తొడిగినది వేరు. రెండూ ఒకే గాటన కట్టకూడదు.

కాబట్టి మీ ఫ్రెండ్స్ మాటలో సగం నిజం ఉంది. ఉత్త కోటులో ఏమీ లేదు. ఆ మెరూన్ వెల్వెట్టుదీ కోటే కదా, ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. నల్లకోటు చెప్పిందంటే రంగు వల్ల కాదు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు డబ్బిచ్చారు, తొడుక్కున్నవాడు దాంట్లో ఏం దాచుకుంటున్నాడు అని ముందే ఆలోచించి కుట్టారు కాబట్టి.

షో రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. ఆఖరి సీనులో, గిరీశం పెళ్లాడదామనుకున్న బుచ్చమ్మని పూనాలో వితంతువుల ఆశ్రమానికి పంపించెయ్యాలని తేలిపోయాక, గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనాలి. ఆ మాట అంటూ మావాడు మొదటిసారి గుండీ మీద నుంచి చెయ్యి తీసేశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. హాల్లో అందరూ నవ్వుతున్నారు. ముందు వరసలో కూర్చున్న నాన్న మాత్రం నవ్వలేదు, ఆ గోధుమరంగు గుండీ వైపే చూస్తున్నారు.

మీ హీరో నీలం గళ్ల చొక్కా గురించి ఇంత రాశారు. బాగుంది. కానీ అది వాడు కొనుక్కున్నదా, అన్నయ్యదా, ఎవరైనా పండక్కి పెట్టిందా? మీ ప్రశ్నలో అదొక్కటే కనిపించలేదు. దాని జేబులో ఏముందో కూడా చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.