‘ఎస్టాబ్లిష్’ అన్న మాటను తెలుగు చేస్తున్న మేనకోడలికి

చిరంజీవి అయిన మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నీవు పంపిన అనువాదాన్ని ఆసాంతం చదివాను. వాక్యం నడిపే తీరు నాకు సంతోషం కలిగించింది. అయితే మూలంలో ‘ఎస్టాబ్లిష్’ అని ఉన్న ప్రతిచోటా నీవు ‘స్థాపించు’ అనే రాశావు. ఈ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

లాటిన్‌లో ‘స్టాబిలిస్’ అంటే కదలకుండా నిలిచినది. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిన ఆ మాటా, సంస్కృత ధాతువు ‘స్థా’ నుంచి మనకు వచ్చిన ‘స్థాపించు’, ‘స్థిరం’ అన్న మాటలూ ఒకే కుదురువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అందుకే ‘1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు’ అన్నప్పుడు అర్థం చక్కగా ఒదుగుతుంది. కానీ ఆ చుట్టరికాన్ని నమ్ముకుని అన్నిచోట్లా అదే మాట వాడితే దెబ్బతింటాము.

నేను కొత్తగా కోర్టు కాగితాలు అనువదిస్తున్న రోజుల్లో, వాది తన స్వాధీనాన్ని ‘ఎస్టాబ్లిష్’ చేయలేదన్న తీర్పు వాక్యాన్ని ‘స్వాధీనాన్ని స్థాపించలేదు’ అని రాశాను. దానిని చదివించుకున్న రైతు, ఇప్పుడు వెళ్లి పొలంలో పాక వేసుకుంటే సరిపోతుందా అని నన్ను అడిగాడు. ‘రుజువు చేయలేదు’ అని రాసి ఉంటే ఆయనకు ఆ భ్రమ కలిగేది కాదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి నిలబెడుతున్నది సంస్థనా, వాస్తవాన్నా, సంబంధాన్నా అని చూసుకున్న తరువాతే రాస్తున్నాను. నీవూ అలాగే చేయి. కోర్టు విషయమైతే ‘రుజువు చేయు’, శాస్త్ర విషయమైతే ‘నిరూపించు’, మరణకారణం వంటిది తేల్చినప్పుడు ‘నిర్ధారించు’ సరిపోతాయి. 2023 సెప్టెంబరులో, చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండర్‌తో ఇస్రో మళ్లీ సంబంధం ఏర్పరచుకోవడానికి ప్రయత్నించిందని అంటాము గాని, సంబంధం స్థాపించడానికి ప్రయత్నించిందని అనము. శాంతికీ, రికార్డుకూ ‘నెలకొల్పు’ అన్న అచ్చతెలుగు మాట ఉండనే ఉంది.

వ్యవసాయ పుస్తకాలలో, నాటిన వరి నారు ‘ఎస్టాబ్లిష్’ అయ్యే వరకు మడిలో నీరు పలుచగా ఉంచాలని ఉంటుంది. నారు అలా వేరు పట్టి నిలదొక్కుకోవడాన్ని రైతులు ‘మూన తిరగడం’ అంటారు. ఇంత ముచ్చటైన మాట పొలంలో వాడుకలో ఉండగా ‘నారు స్థిరపడే వరకు’ అని రాయడం నాకు మనసొప్పదు. ఇక ప్రభుత్వ కార్యాలయాల్లోని ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్’ ఉద్యోగుల సెలవులు, ఇంక్రిమెంట్లు, పదోన్నతుల కాగితాలు చూస్తుంది కనుక దానిని ‘సిబ్బంది వ్యవహారాల విభాగం’ అని రాయి.

చట్టాన్ని అనువదించేటప్పుడు మాత్రం జాగ్రత్త మరో విధంగా ఉండాలి. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను ‘ఎస్టాబ్లిష్’ చేసి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకు ‘ఉనికిలోకి తేవడం’ అన్న అర్థం తీసుకుని, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1920 నాటి శాసనం వల్ల ఉనికిలోకి వచ్చింది కనుక దానిని ముస్లిం మైనారిటీ స్థాపించిందనడానికి వీల్లేదన్నది. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. శాసనం చట్టబద్ధమైన రూపం ఇచ్చినంత మాత్రాన మైనారిటీ హోదా పోదనీ, సంస్థ ఆలోచన ఎవరిది, పూనుకున్నది ఎవరు, నిధులు సమకూర్చినది ఎవరు అన్నవి చూడాలనీ చెప్పి, ఆ విశ్వవిద్యాలయం హోదాను తేల్చే పనిని మరో ధర్మాసనానికి వదిలింది. ఇక్కడ ‘ఏర్పాటు’, ‘ప్రారంభం’ అని మార్చి మార్చి రాస్తే, ఏ మాట మీద ఇంత వివాదం నడిచిందో తెలుగు పాఠకుడికి అంతుపట్టదు. మొదటి నుంచి చివరి వరకు ‘స్థాపించు’ అనే ఉండాలి.

నీ అనువాదంలో సాక్ష్యాల గురించిన భాగాన్ని ముందుగా సరిదిద్ది పంపు. మిగిలినది నిదానంగా చూద్దాము.

ఆశీస్సులతో,
మామయ్య