ఒడిశా చూడబోయే మేనకోడలికి

చి.ల.సౌ. శిరీషకు,

మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ప్రోగ్రామ్ చూశాను. మొదటి రోజు కోణార్క్, పూరీ, రెండో రోజు భువనేశ్వర్ గుళ్లన్నీ, నందన్‌కానన్ జూ, మూడో రోజు చిలికా సరస్సు, ఆ రాత్రికే తిరుగు రైలు. చిన్నపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారితో ఇది అయ్యే పని కాదమ్మా. అల్లుడి చేత ఇంకో రెండు రోజులు సెలవు పెట్టించు. రోజులు పెరిగినా పెరగకపోయినా వరస మాత్రం మార్చు. పాతది ముందు చూడండి, తర్వాతది తర్వాత. కోణార్క్ ఆఖరున.

ఎందుకంటే కోణార్క్ 13వ శతాబ్దపు గుడి. అక్కడి శిల్పులు అంత పని చేయగలిగారంటే వాళ్ల వెనక అయిదారు వందల ఏళ్ల సాధన ఉంది. ఆ సాధనంతా భువనేశ్వర్‌లో గుడి పక్కన గుడిగా నిలబడి ఉంది. ముందే కోణార్క్ చూసేస్తే ఆ చిన్న గుళ్లు మీ కంటికి ఆనవు.

ఇంకో మాట, ప్రయాణం మన శ్రీకాకుళం జిల్లాలోనే మొదలుపెట్టండి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉందే, తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం అదే. పూరీలో ఇప్పుడున్న జగన్నాథుడి గుడిని మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు అక్కడి నుంచి ఏలినవాడే. 12వ శతాబ్దంలో రాజధానిని కటక్‌కి మార్చాడు. మన సింహాచలం గుడి ఇప్పటి రూపానికి వచ్చిందీ గాంగుల హయాంలోనే. ముఖలింగంలో మధుకేశ్వరుడిని, సోమేశ్వరుడిని చూసి, ద్వారబంధాల మీద చెక్కడం పిల్లలకి చూపించండి. అదే చేతిపని తర్వాత భువనేశ్వర్‌లో కనిపిస్తే వాళ్లే గుర్తుపడతారు. ఇప్పటి సరిహద్దు నిన్న మొన్నటిది. ఒడిశా 1936 ఏప్రిల్ 1న భాష ప్రాతిపదికన వేరే రాష్ట్రంగా ఏర్పడింది. అంతకుముందు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మనతో పాటు మద్రాసు కిందే ఉండేవి. బరంపురంలో ఇప్పటికీ తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబిస్తారు.

ఆమదాలవలసలో పగటి రైలు ఎక్కండి. రాత్రి రైలు వద్దు. బరంపురం దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే చిలికా చాలాసేపు పక్కనే వస్తుంది.

భువనేశ్వర్‌లో దిగిన మర్నాడు పొద్దున్నే ధవళి. అందరూ నేరుగా గుట్ట మీద తెల్లగా మెరిసే శాంతిస్తూపం దగ్గరికి పోతారు. అది 1972లో కట్టింది. మీరు ముందు కిందే ఆగండి. అక్కడ ఒక బండ మీద అశోకుడి శాసనం ఉంది, దాని పైన రాతిలోంచి బయటికి వస్తున్నట్టు ఏనుగు ముందు భాగం చెక్కి ఉంటుంది. పిల్లల్ని ఆ ఏనుగు ముందు నిలబెట్టి సంగతి చెప్పు. క్రీ.పూ. 261 ప్రాంతంలో కళింగ మీద యుద్ధం చేసి, లక్షమంది చచ్చారని అశోకుడు తన 13వ శాసనంలో తానే రాయించుకున్నాడు. కానీ ఆ శాసనం ఈ బండ మీద లేదు. ఇక్కడా, గంజాం జిల్లా జౌగడలోనూ దాన్ని వదిలేసి, వేరే రెండు శాసనాలు చెక్కించాడు. మనుషులంతా నా బిడ్డలే, ఎవరినీ అన్యాయంగా జైల్లో పెట్టకండి, హింసించకండి అని తన అధికారులకి చెప్పిన మాటలవి. ఓడిపోయినవాళ్ల ముందు తన గెలుపు కథ చెప్పుకోలేదన్నమాట. నా మటుకు నాకు ఒడిశా మొత్తంలో ఇంతకంటే గొప్ప రాయి లేదు.

అక్కడి నుంచి ఉదయగిరి, ఖండగిరి. హాథీగుంఫా అనే గుహలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉంది. అశోకుడి తర్వాత కళింగ మళ్లీ ఎలా లేచి నిలబడిందో అందులో ఉంది. జైన సన్యాసుల గుహలవి. మెట్లు ఉంటాయి కాబట్టి మీ అత్తగారిని కింద నీడలో కూర్చోబెట్టండి. కోతులు చేతిలో ఉన్నవి లాక్కుపోతాయి, పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్లు ఇవ్వకు.

సాయంత్రం పాతబస్తీ గుళ్లు, ఇక్కడ మాత్రం వరస తప్పొద్దు. మొదట పరశురామేశ్వరం, 7వ శతాబ్దానిది. గర్భగుడి, దాని ముందు చదునైన కప్పుతో ఒక మండపం, అంతే. ఆ మండపం కిటికీల దగ్గర కాసేపు ఆగు. రాతి జాలీలోనే నాట్యం చేసేవాళ్లని, వాయించేవాళ్లని చెక్కారు, వెలుతురు వాళ్ల కాళ్ల సందుల్లోంచి లోపలికి పడుతుంది. తర్వాత పక్కనే ముక్తేశ్వరం, 10వ శతాబ్దం. మండపం కప్పు మెట్లు మెట్లుగా పైకి లేచింది, ముందర తోరణం వచ్చింది. 11వ శతాబ్దపు లింగరాజు దగ్గరికి వచ్చేసరికి శిఖరం నూట ఎనభై అడుగుల దాకా లేస్తుంది. మధ్యలో రాజరాణి కూడా చూడొచ్చు. నందన్‌కానన్ నా లెక్కన ఈసారికి వదిలేయొచ్చు, జూ ఎక్కడైనా చూపించొచ్చు.

మీతో వస్తామన్న స్నేహితుల్లో హిందువులు కానివాళ్లుంటే ఇప్పుడే చెప్పేయి. లింగరాజు, పూరీ గుళ్లలోకి వాళ్లని రానివ్వరు. అంతదూరం వచ్చాక గుమ్మం దగ్గర ఆపితే మనసు కష్టపడుతుంది. లింగరాజుని గోడ బయట కట్టిన వేదిక మీంచి చూడొచ్చు. పూరీలో సింహద్వారం దగ్గర పతితపావనుడని పిలిచే జగన్నాథుడి రూపం రోడ్డు మీంచే కనిపిస్తుంది.

పూరీకి తెల్లారేసరికి వెళ్లండి. ఫోన్లు, తోలు బెల్టులు, పర్సులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, గదిలోనే పెట్టేయండి. నిక్కర్లు, చిరుగుల జీన్స్ కుదరవు. పండాలు, అంటే గుడి పూజారులు, చుట్టుముడతారు. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకో, లేదా దణ్ణం పెట్టి ముందుకి నడువు. టెన్షన్ పడొద్దు, గొడవా పడొద్దు. దర్శనం అయ్యాక హోటల్‌కి పరుగెత్తకుండా గుడి ఆవరణలోనే ఉన్న ఆనందబజార్‌లో కూర్చుని మహాప్రసాదం తినండి. కట్టెల పొయ్యి మీద మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండిన అన్నం, పప్పు, కూరలు. అక్కడ నీది ఏ కులమని ఎవరూ అడగరు, పక్కపక్కనే కూర్చుని తింటారు. మీ అత్తగారికి అది తప్పకుండా నచ్చుతుంది. సాయంత్రం వరకు ఉంటే, శిఖరం మీద జెండా మార్చడానికి సేవకుడు తాడు లేకుండా ఎక్కడం చూడొచ్చు.

సముద్రంలో పిల్లల్ని మోకాలు దాటి దిగనివ్వకు, అలల పట్టు గట్టిది. ఒడ్డున స్నానాలు చేయించే నులియాల్లో చాలామంది మన తెలుగు జాలర్లే. వాళ్లతో తెలుగులో మాట్లాడండి, నీళ్లు ఎక్కడ మంచివో వాళ్లే చూపిస్తారు.

పూరీ వదిలే ముందు సింహద్వారం ఎదుట ఉన్న నల్లరాతి స్తంభాన్ని బాగా చూసుకోండి. పైన అరుణుడు కూర్చుని ఉంటాడు. సూర్యుడి సారథి జగన్నాథుడి గుమ్మంలో ఎందుకున్నాడని పిల్లల్ని అడుగు. ఆ స్తంభం కోణార్క్‌దే. అక్కడ పూజలు ఆగిపోయాక 18వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చారు.

ఇప్పుడు కోణార్క్ వెళ్లండి. మొదటి నరసింహదేవుడు కట్టించిన సూర్యరథం, ఇరవై నాలుగు చక్రాలు, ఏడు గుర్రాలు. అసలు శిఖరం ఎప్పుడో కూలిపోయింది. మిగిలిన మండపం కూలకుండా 1903లో లోపల ఇసుక నింపి మూసేశారు. అందుకే లోపలికి వెళ్లలేరు. గైడ్లు శిఖరం మీద పెద్ద అయస్కాంతం ఉండేదనీ, ఓడలు లాగేసేదనీ చెబుతారు. దానికి ఆధారం లేదు, కథగా వినండి. గైడ్‌ని చక్రాల దగ్గరే వదిలేసి, పీఠం చుట్టూ నెమ్మదిగా నడవండి. ఏనుగుల బారులు, వేటగాళ్లు, బండి మీద వంటసామాను, ఒకచోట జిరాఫీ కూడా! ఆ జిరాఫీని వెతకమని పిల్లలకి పని అప్పగిస్తే మీకు తీరిగ్గా చూసే టైమ్ దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండకి రాయి కాలిపోతుంది, మూడు దాటాక వెళ్లండి.

చిలికాకి ఒక రోజు పూర్తిగా ఉంచు. సాతపడాలో ఇరావడీ డాల్ఫిన్లు ఉంటాయి. వాటి వెంట పడవ పరిగెత్తించమని అడగొద్దు, ఇంజిన్ ఆపి ఉంటే అవే పైకి వస్తాయి. నన్నడిగితే చిలికా ఒడ్డునే ఉన్న మంగళాజోడి ఇంకా మంచిది. శీతాకాలంలో సైబీరియా వైపు నుంచి వచ్చే పక్షుల్ని ఒకప్పుడు వేటాడిన ఊరివాళ్లే ఇప్పుడు వాటిని కాపాడుతూ, గెడతో నడిపే చిన్న పడవల్లో మనల్ని తిప్పుతారు. తెల్లవారుజామునే వెళ్లాలి.

డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి వాతావరణానికి ఢోకా లేదు. అక్టోబరులో తుఫాన్ల భయం, మేలో ఎండ. రథయాత్రకి పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ జనంలోకి నేనైతే పంపను. కోరాపుట్ వైపు కొండలు, దేవమాలి శిఖరం ఇందులో ఇరికించకు. వాటికి అరకు మీదుగా విడిగా వెళ్దాం, నేనూ వస్తాను. అక్కడి సంతల్లో ఆదివాసీల్ని అడగకుండా ఫొటోలు తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అల్లుడికి ఇప్పుడే చెప్పి ఉంచు.

మార్చిన ప్రోగ్రామ్ పంపు. ముఖలింగానికి బండి నేను మాట్లాడి పెడతాను, పొద్దున ఆరింటికల్లా మన ఇంట్లో టిఫిన్ తిని బయల్దేరదాం.

మీ మావయ్య