రాతితీరం వెంట 30 కిలోమీటర్లు: కయాక్ ప్రయాణపు లెక్క

ప్రశ్న: మూడేళ్లుగా చెరువుల్లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) నడుపుతున్నాను. గంటకు 6 కిలోమీటర్లు సునాయాసంగా వెళతాను. ఇద్దరు మిత్రులతో కలిసి, కొండలూ గుహలూ ఉన్న సముద్రతీరం వెంట ఒక్కరోజులో 30 కిలోమీటర్లు వెళ్లాలని ఉంది. ఐదు గంటలు చాలవా?

జవాబు: చాలవు. మీ వేగం లెక్క నిలకడ నీటికే సరిపోతుంది. గంటకు రెండు నాటికల్ మైళ్ల ప్రవాహం, అంటే దాదాపు 3.7 కిలోమీటర్లు, ఎదురొచ్చిందంటే మీకు మిగిలే వేగం రెండు కిలోమీటర్ల పైచిలుకే. అదే వెనుక నుంచి తోస్తే పదికి చేరువవుతారు. ఆటుపోట్లు బలంగా ఉండే తీరాల్లో ఈ ప్రవాహం చాలాచోట్ల ఆరుంపావు గంటలకొకసారి దిశ మారుతుంది, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఉద్ధృతమవుతుంది, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల దగ్గర మరింత వడిగా పారుతుంది. బయలుదేరే వేళను ఆటుపోట్ల పట్టిక చూసే నిర్ణయించుకోండి.

అయితే దూరం కంటే ముందు నేను చూడమనేది ఒడ్డుకు చేరగల చోట్లను. కయాక్‌ను ఇసుక మీదికి ఎక్కడెక్కడ లాగగలరో మ్యాపులో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య 10 కిలోమీటర్లు నిట్టనిలువు రాతిగోడే ఉంటే, ఆ రోజు మీకు అసలు పరీక్ష ఆ 10 కిలోమీటర్లే. గోడను కొట్టి వెనుదిరిగిన అలలు వచ్చే అలలతో కలిసి నీటిని కుప్పలుగా పైకి లేపుతాయి. అక్కడ తెడ్డు ఒక్కోసారి నీరు అందక గాలిలోనే తిరుగుతుంది. గోడకు బాగా ఎడంగా సాగండి. ఎండ కాసే రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది కనుక ఆ భాగాన్ని ఉదయమే దాటేయాలి. గాలి ఒడ్డు నుంచి సముద్రంవైపు వీచేటప్పుడు తీరం పక్కన నీరు చెరువులాగే కనిపిస్తుంది, కానీ ఆ గాలి మిమ్మల్ని ఒడ్డుకు దూరంగా నెడుతుంది. చెరువులకు అలవాటుపడిన మీరు మోసపోయేది అక్కడే. గుహల విషయం క్లుప్తంగా చెబుతాను: అలల పొంగు ఏమాత్రం ఉన్నా లోపలికి వెళ్లకండి.

తెడ్డును పిడికిలి బిగించి పట్టుకుంటే రెండో గంటకే బొటనవేలి మొదట్లో బొబ్బ లేస్తుంది, దాని మీద ఉప్పునీరు పడుతూనే ఉంటుంది. వేళ్లు వదులుగా ఉంచి, చేతులతో లాగడం మాని నడుమును తిప్పండి. వెనుక అరలో పెట్టిన తిండి, నీళ్లు నడిసముద్రంలో చేతికి అందవు; ఆ పూటకు కావలసినవి ఒడి దగ్గరే ఉండాలి.

బోల్తాపడితే తిరిగి ఎక్కడం ముగ్గురికీ వచ్చా? ఒకరి కయాక్‌లో చేరిన నీటిని బయటికి ఒంపేసి, దాన్ని పట్టుకుని నిలిపి, మనిషిని ఎక్కించే పద్ధతిని అలల్లో, ప్రయాణంలో వేసుకునే బట్టలతోనే సాధన చేయండి. చల్లని నీటిలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది; అందుకే గాలి వెచ్చగా ఉన్నా నీటి చలికి తగిన దుస్తులే వేసుకోవాలి, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

విరామాలతో కలిపి 30 కిలోమీటర్లకు ఏడెనిమిది గంటలు కేటాయించండి. అంతకంటే ముందు అదే తీరంలో 15 కిలోమీటర్లు ఒకసారి వెళ్లి రండి. ఆ రోజైనా, పెద్ద ప్రయాణం రోజైనా, ఎక్కడ దిగుతారో, ఏ వేళ దాటితే తీర రక్షకులకు కబురు చేయాలో ఒడ్డున ఉన్న ఒకరికి రాసి ఇచ్చి మరీ బయలుదేరండి.