మొక్కుబడి మధ్యలో ఆగిపోయింది, ఇక ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. పెళ్లయి నాలుగేళ్లు. నాకు 31. బెంగళూరులో హూడిలో అద్దెకుంటున్నాం. రోజూ మెట్రోలో ఇందిరానగర్ ఆఫీసుకి వెళ్తాను. ఈ ఏడాది జనవరి 1న చర్చిలో తీసుకున్న వాగ్దాన కార్డులో (ఏడాదికొక బైబిలు వచనం రాసి ఉండే కార్డు) పిల్లలు ఒలీవ మొక్కల్లా ఉంటారన్న వచనం వచ్చింది. మార్చిలో నెల తప్పింది. ఏప్రిల్‌లో, తొమ్మిదో వారంలో గర్భం పోయింది. "అక్కడికెళ్లాక మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన లేదు, అందుకే దేవుడు బుద్ధి చెప్పాడు" అన్నారు అత్తయ్య. భయంతో 40 రోజుల ఉపవాస ప్రార్థన మొక్కుకున్నాను, సాయంత్రం ఆరింటిదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా. 17వ రోజు ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయాను. రక్తం తక్కువగా ఉంది, ఆపేయమన్నారు డాక్టరు. ఆపేశాను. ఐదు నెలలైంది. మోకరిస్తే మాట రాదు. మా ఆయన చర్చికి రావడం మానేశారు, ఆ సంగతి ఎత్తితే మాట మార్చేస్తారు. మళ్లీ మొదటి నుంచి 40 రోజులు చేస్తేనే దేవుడు నన్ను దగ్గరికి తీసుకుంటాడా?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు. అక్కర్లేదు. మళ్లీ మొదలుపెట్టకండి. ఆ 40 రోజులు పూర్తయి ఉన్నా మీరు దేవునికి ఇప్పటికంటే ఒక్క అంగుళం కూడా దగ్గరయ్యేవారు కాదు. 17వ రోజు ఆగిపోయినందుకు ఆయన ఒక్క అంగుళం కూడా దూరం జరగలేదు.

మీ ఉత్తరంలో ఒక లెక్క ఉంది. దేవుని దయకి ధర 40 రోజులు, అందులో 17 కట్టారు, ఇంకా 23 బాకీ. మీరు మోకరించినప్పుడల్లా ఆ బాకీయే ఎదురుగా వచ్చి కూర్చుంటోంది. అప్పులవాడి గుమ్మంలో నిలబడ్డవాళ్లకి నోరెలా పెగులుతుంది? కానీ ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 8వ వచనం కృపని వరం అంటుంది, మనవల్ల కలిగినది కాదంటుంది. వరానికి వాయిదాలుండవు. ప్రార్థన ఆ వరం కోసం కట్టే సొమ్ము కాదు. వరం అందుకున్న బిడ్డ తండ్రితో మాట్లాడుకోవడం అది. మీరు చిన్నప్పటి నుంచి విన్న మాటే ఇది. గర్భం పోయిన వారంలో భయం మీచేత దీన్ని తిరగేసి చదివించింది.

మొక్కు సంగతి. ప్రసంగి 5వ అధ్యాయంలో మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలన్న మాట మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదనుకుంటాను. ఆ వచనం నిజమే. దాంతోపాటు లేవీయకాండం 5వ అధ్యాయం కూడా తెరవండి, 4 నుంచి 13 వరకు. తొందరపడి నోటితో ప్రమాణం చేసి, తర్వాత తన తప్పు తెలుసుకున్న మనిషికి ధర్మశాస్త్రంలోనే దారి ఉంది. తప్పు ఒప్పుకోవాలి, ఒక ఆడ గొర్రెపిల్లనో మేకపిల్లనో తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు. అదీ లేకపోతే ఏఫాలో పదోవంతు గోధుమపిండి, అంటే రెండు లీటర్లకు కాస్త పైన. ఎంత పేదవాడైనా తెచ్చుకోగలిగేదాకా ఆ వెల దిగివచ్చింది. ఇక మనకైతే ఆ అర్పణ క్రీస్తే, అది జరిగిపోయింది.

కాబట్టి ఒక్కసారి, బయటికి వినబడేలా చెప్పండి: "ప్రభువా, భయంతో మొక్కుకున్నాను. పూర్తి చేయలేకపోయాను. క్షమించు." అంతే. తేదీ వేసి రాసి పెట్టుకున్నా మంచిదే. మర్నాడు మళ్లీ చెప్పొద్దు. చాలామంది ఇక్కడే జారిపోతారు. రోజూ అదే తప్పు ఒప్పుకుంటూ పోతే ఆ ఒప్పుకోలే ఇంకో మొక్కుబడి అయి కూర్చుంటుంది. ఆ భయం మళ్లీ వచ్చినప్పుడు ఆ తేదీ చూసుకోండి.

ఉపవాసం మంచిదే, కానీ మీరు పెట్టుకున్న తీరు ఇప్పుడు మీ ఒంటికి తగినది కాదు. బైబిల్లో ఎస్తేరు రాణి తన వాళ్లందరినీ అడిగిన నీళ్లు కూడా లేని ఉపవాసం మూడు రోజులే. మీరు గర్భం పోయి రక్తం తగ్గిన శరీరంతో, ఆఫీసు పని చేస్తూ నలభై అనుకున్నారు. గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటే తక్కువుంటే రక్తహీనతే. అది సరిపడా పెరిగి, డాక్టరు సరే అనేదాకా అన్నం మానే ఉపవాసం వద్దు. ఐరన్ మాత్రలు ఇచ్చి ఉంటే టీ, కాఫీలకు కనీసం గంట ఎడంగా వేసుకోండి. వాటితో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మళ్లీ బిడ్డ కోసం చూస్తున్నట్లయితే ఫోలిక్ యాసిడ్ మాట ఇప్పుడే అడగండి.

మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసేయమని అడిగాడు. దూత వచ్చి ఏం చేశాడో గమనించండి. ప్రార్థన తగ్గిందని గద్దించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మాట వినబడింది ఆ తర్వాతే. అక్కడికి ఆయన 40 పగళ్లూ 40 రాత్రులూ నడిచింది తిన్న ఆ తిండి బలంతో. మీ డాక్టరు చెప్పిన మాటని ఆ రొట్టెలా అందుకోండి.

ఇక అత్తయ్య అన్న మాట. ముందు వైద్యం చెప్పేది: గర్భం అని తెలిసినవాటిలో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి క్రోమోజోముల్లో అనుకోకుండా వచ్చిన తేడాయే కారణం. కుటుంబ ప్రార్థన ఆగని ఇళ్లలోనూ జరుగుతుంది, దేవుని పేరే ఎత్తని ఇళ్లలోనూ జరుగుతుంది. మీరు మెట్రోలో నిలబడి ప్రయాణం చేసినందుకు కాదు, బరువెత్తినందుకూ కాదు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగారు. వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు ప్రభువు. ఎవరికి కష్టమొచ్చినా వెనక పాపం వెతికే అలవాటు ఆ రోజుల్లోనే ఉంది. ఆయన దాన్ని ఒప్పుకోలేదు.

అయినా ఆవిడ పోగొట్టుకున్నదీ మనవడో మనవరాలో. కారణం దొరక్కపోతే భయమేస్తుంది, అందుకని ఏదో ఒక కారణం పట్టుకున్నారు. ఫోన్లో వాక్యాలతో వాదనకి దిగకండి, ఆ వాదన ఎవరూ గెలవరు. ఈ మాట ముందు మీ ఆయన నోటి నుంచి రావాలి, ఆవిడ కొడుకు కాబట్టి. "అమ్మా, జరిగినదానికి తన తప్పేం లేదని డాక్టరు చెప్పారు. ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దు" అంటే చాలు. ఆవిడ మళ్లీ అంటే మీరు అనాల్సింది ఇది: "అత్తయ్యా, మీరూ ఏడ్చారని నాకు తెలుసు. కారణాలు వద్దు, ఇప్పుడు నాకోసం ఫోన్లోనే ఒక ప్రార్థన చేయండి." కారణాలు చెప్పే నోటికి ప్రార్థన చేసే పని అప్పగించండి. బైబిల్లో బిడ్డ కోసం ఏడ్చిన హన్నా చేసిందీ ఇలాంటిదే. మందిరంలో ఏడుస్తుంటే తాగి వచ్చావా అన్నాడు యాజకుడైన ఏలీ. ఆమె నోరు మూసుకోలేదు, ఎదురు తిరిగి తిట్టనూ లేదు. కాదని చెప్పింది, మర్యాదగానే చెప్పింది. తప్పుగా అనుకున్న ఆ నోరే చివరికి ఆమెను దీవించి పంపింది.

ఆ వాగ్దాన కార్డుని చించేయకండి. అది 128వ కీర్తనలోది, యెరూషలేముకి నడిచి వెళ్తూ పాడుకున్న పదిహేను యాత్ర కీర్తనల్లో ఒకటి. దేవునికి భయపడేవారి ఇంటి మీద పలికిన దీవెన అది. ఫలానా ఏడాదిలో ఫలానా ఇంట్లో పురుడు వస్తుందని రాసిచ్చిన పత్రం కాదు. కార్డు మీద ఒక్క వచనమే పట్టడంతో అది పత్రంలా కనబడుతుంది, తప్పు మీది కాదు. దాన్ని బైబిల్లో 13వ కీర్తన దగ్గర పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

మోకరిస్తే మాట రాకపోవడానికి బాకీ భయం ఒక కారణం. రెండోది, దేవుని ముందు స్తుతి మాటలే రావాలని మీరు పట్టుబట్టడం. లోపలున్నది ఏడుపు. దాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి వస్తే మాట్లాడటానికి ఇంకేం మిగులుతుంది? 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ఎన్నాళ్లు, ఎంతవరకు అని ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలే. మూడు, నాలుగు వచనాల్లో విన్నపం. ఐదు, ఆరులో నమ్మకం, పాట. మనకి చిన్నప్పటి నుంచి గబగబా ఆరో వచనానికి వెళ్లిపోవడం అలవాటు. మీరు ఈ రెండు వారాలూ మొదటి రెండు వచనాల దగ్గరే ఉండండి. 88వ కీర్తన 18 వచనాలూ చీకటిలోనే ముగుస్తుంది, దాన్నీ దేవుడు తన గ్రంథంలో ఉంచాడు.

రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు చాలు. కుర్చీలో కూర్చోండి, మోకాళ్లు తర్వాత చూద్దాం. రెండు నిమిషాలు ఊరికే ఉండండి. ఆ కీర్తన ఒకసారి పైకి చదవండి. నోటుబుక్కులో "ఎంతకాలం" అని మొదలుపెట్టి మూడు వాక్యాలు మీవి రాయండి, ఎంత కఠినంగా ఉన్నా సరే. చివర యేసు నేర్పిన పరలోక ప్రార్థన. మాట రాని రోజు మూలుగు చాలు. రోమా 8వ అధ్యాయం 26వ వచనం ప్రకారం మాటల్లో పెట్టలేని మూలుగులతో ఆత్మే మనకోసం వేడుకుంటున్నాడు. తెల్లవారి నాలుగింటికి అలారం పెట్టుకోకండి. మూడో రోజు లేవలేరు, నాలుగో రోజు పాత భయం తిరిగొస్తుంది. ఒక రాత్రి తప్పిపోతే మర్నాడు ఇరవై నిమిషాలు కూర్చుని సరిచేయకండి. తప్పిపోయిన రోజుకి బాకీ లేదు. ఏడాదిలో బైబిలంతా చదివే పట్టిక ఏదైనా ఉంటే దాన్నీ పక్కన పెట్టండి.

పొద్దున మెట్రోలో ఇంకోటి చేయొచ్చు. పరలోక ప్రార్థనలో విన్నపాలు ఏడని పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది. హూడిలో ఎక్కాక ఇందిరానగర్ ఏడో స్టేషను. ఎక్కగానే "మా తండ్రీ" అని, స్టేషనుకొక విన్నపం మనసులో అనుకోండి. కె.ఆర్.పురలో జనం తోసుకుంటున్నప్పుడు "నీ చిత్తం" వస్తుంది, బెన్నిగానహళ్లిలో ఆ పూట తిండి, బైయప్పనహళ్లిలో క్షమాపణ. అక్కడ అత్తయ్య గుర్తొస్తే గుర్తు రానివ్వండి. కళ్లు మూసుకోనక్కర్లేదు.

మీ ఆయన మౌనాన్ని విశ్వాసం పోవడం అనుకోకండి. బిడ్డ ఆయనకీ పోయింది. కానీ ఆరోగ్యం ఎలా ఉందని అందరూ మిమ్మల్నే అడిగారు, ఆయన్ని ఎవరైనా అడిగారా? ప్రసంగాల లింకులు పంపకండి. "ఆదివారం వస్తారా" అన్న ప్రశ్న నెల రోజులు ఆపి, "ఆ రోజు ఆసుపత్రిలో మీకేమనిపించింది?" అని అడగండి. జవాబు వెంటనే రాదు. అడిగి, ఊరుకోండి. ఆయన ఒప్పుకున్న రోజు కుటుంబ ప్రార్థన మూడు నిమిషాలే పెట్టుకోండి: ఒక చిన్న కీర్తన, ఇద్దరూ చెరో వాక్యం, ఆమేన్. ఆయన తన వాక్యం చెప్పకపోయినా పక్కన కూర్చుంటే చాలు.

సంఘంలో ఒక్క మనిషిని ఎంచుకోండి, పాస్టరమ్మ గారైనా పెద్ద వయసు సోదరి ఎవరైనా. "సలహా వద్దు, వారానికోసారి నాతో కూర్చోండి" అని తిన్నగా అడగండి. క్షమాపణ రుజువుకి కానుక అడిగేవాళ్లు, మందులు మానేయమనేవాళ్లు, మీ సంగతి మైకులో చెప్పేవాళ్లు ఎదురైతే అక్కడి నుంచి వచ్చేయండి.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది ప్రార్థన లోటు కాదు, చికిత్స ఉన్న జబ్బు కావచ్చు. హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ మీ ఊళ్లోనే ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చేయండి, మీ ఆయనకీ చెప్పండి.

ఇంకొక్కటి. మీరు చెప్పిన నెలల్ని బట్టి నవంబరులో మీకు పురుడు రావాల్సింది. ఆ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. అది హఠాత్తుగా ఆఫీసులో మీద పడకుండా ఇప్పుడే సెలవు పెట్టుకోండి, ఆయన్నీ పెట్టమనండి. ఇద్దరూ ఎక్కడైనా చెట్టు కింద కూర్చోండి, ఇంటి నుంచి అన్నం కట్టుకుని వెళ్లండి. ఆ బిడ్డ గురించి మాట్లాడుకోండి. 13వ కీర్తన మీరొక వచనం, ఆయనొక వచనం చదవండి. ఐదో వచనం దాకా రాలేకపోతే రెండో దాని దగ్గర ఆపి, అన్నం తిని ఇంటికి రండి.