సుడోలో స్టేటస్ లైను తీసేయండి

లినక్స్ సర్వర్‌లో ఒక ఖాతాకి సుడో (రూట్ హక్కుతో కమాండ్ నడిపే సాధనం) ద్వారా ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ రీస్టార్ట్, స్టేటస్ కమాండ్లు మాత్రమే ఇచ్చినా ఆ ఖాతాకి రూట్ షెల్ (సర్వాధికారాలున్న కమాండ్ లైను) వస్తోందంటే, దారి సుడో సెట్టింగ్స్‌లోని స్టేటస్ లైనే.

స్టేటస్ అవుట్‌పుట్ స్క్రీన్‌లో పట్టకపోతే, పేజీలుగా చూపే 'లెస్' ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, అదీ రూట్‌గానే. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ, వెర్షన్ 247 కంటే పాతదైతే, అక్కడ ఆశ్చర్యార్థకం (!), పక్కనే బాష్ (bash) కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, రూట్ షెల్.

1. ఇంకో విండోలో రూట్ సెషన్ తెరిచి ఉంచి, సుడో సెట్టింగ్స్ ఫైల్‌ని వీసుడో కమాండ్‌తోనే ఎడిట్ చేయండి.
2. స్టేటస్ లైను పూర్తిగా తీసేయండి. చాలామంది గమనించనిది ఇదే: స్టేటస్‌కి సుడో అసలు అక్కర్లేదు. లాగ్స్ కావాలంటే ఆ ఖాతాని సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూపులో చేర్చండి, మళ్లీ లాగిన్ అవ్వాలి.
3. రీస్టార్ట్ లైనులో సిస్టమ్‌సీటీఎల్ (సిస్టమ్‌డీకి ఆదేశాలిచ్చే కమాండ్) పూర్తి పాత్, సర్వీసు పేరు రాయండి. స్టార్ గుర్తు (*) వద్దు, దాని వెనక ఏ ఆర్గ్యుమెంటైనా దూరిపోతుంది.
4. ఆ ఖాతా ఇంకా సుడో గ్రూపులో (అన్ని కమాండ్లకీ అనుమతి ఇచ్చేది) ఉంటే ఇదంతా వృథా. దాన్ని గ్రూపులోంచి తీసేసి, ఆ ఖాతాతో మళ్లీ లాగిన్ అయి, దానికున్న సుడో అనుమతులు చూపే సుడో మైనస్ ఎల్ (sudo -l) కొట్టండి. ఒక్క రీస్టార్టే కనిపించాలి.