ఉగ్గాని మీద గింజలు చల్లితే సరిపోతుందా?

ప్రశ్న: మేడం గారూ, మాది గుంతకల్లు. మా ఆయనకు 54 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలల నుంచి మిక్స్‌డ్ సీడ్స్ ప్యాకెట్లు తెచ్చుకుని పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు తింటున్నారు. ఉగ్గాని మీద కూడా చల్లుకుంటారు. అందులో అవిసెలు, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, నువ్వులు, చియా ఉన్నాయి. షుగర్ తగ్గలేదు సరికదా, రెండు కిలోల బరువు పెరిగారు. ఇంకొన్నాళ్లు తింటే మాత్రలు మానేయొచ్చంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఈ గింజలు మంచివేనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. మాత్ర చేసే పని గింజలు చేయలేవు.

గింజలు మంచివే. వాటిలో పీచు, మంచి కొవ్వు ఉన్నాయి. భోజనంలో కలిపి తింటే అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థం రక్తంలోకి కాస్త నిదానంగా చేరుతుంది. చిక్కంతా కొలత దగ్గరే. ఆదోనిలో మా నాన్న కూడా ఇలాగే మొదలుపెట్టారు. ఒకరోజు ఆయన గుప్పిట్లోవి తూకంలో పోయించాను. 40 గ్రాములు! అంటే 200 కేలరీలు దాటినట్టే. రెండు పూటలవి కలిపితే రెండు పెద్ద జొన్న రొట్టెలు తిన్నంత. రొట్టెలు మాత్రం ఒక్కటీ తగ్గించలేదు, మరి బరువు పెరగరా? మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుంది. రోజు మొత్తానికి రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఆ మేరకు అన్నమో, సాయంత్రం మిక్చరో తగ్గాలి. శెనక్కాయ విత్తనాలు తిన్నా ఈ లెక్కలోకే వస్తాయి.

అవిసెలను గింజల్లాగే మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి, పైతొక్క అంత గట్టిది. సన్నసెగ మీద చిటపటలు ఆగేదాకా వేయించి, చల్లారాక ఎండుమిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి, చిటికెడు ఉప్పు వేసి దంచండి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. వారానికి సరిపడానే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, లేకపోతే వాసన మారిపోతుంది. మా నాన్న ఇప్పుడు జొన్న రొట్టె, గోరుచిక్కుడు కూర పక్కన ఈ పొడి ఒక చెంచా వేసుకుంటారు. గురెళ్ల (వెర్రినువ్వుల) కారం తిని పెరిగిన మనిషి కదా, ఇట్టే అలవాటైపోయింది.

చియాను మాత్రం పొడిగా నోట్లో వేసుకోనివ్వకండి. తడి తగిలితే బాగా ఉబ్బి గొంతులో అడ్డం పడొచ్చు. నానబెట్టాకే తినాలి. ప్యాకెట్ వెనక చదవండి. ఉప్పు, తేనె, ఎండుద్రాక్ష కలిపినవైతే వద్దు. మీ ఆయనకు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎక్కువగా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టరును అడిగాకే గింజలు తినాలి.

ఇక ఉగ్గాని. అందులోని బొరుగులు (మరమరాలు) తొందరగా అరిగి షుగర్‌ను ఎగదోస్తాయి. పైన చల్లిన గింజలు దాన్ని ఆపలేవు. నా మాట మీదే నమ్మమనను. ఒకరోజు ఉగ్గాని తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూడండి. మరో రోజు ఒక జొన్న రొట్టె, గిన్నెడు కూర, చెంచా అవిసెల పొడి పెట్టి అదే సమయానికి చూడండి. రెండు అంకెలూ క్యాలెండర్ మీద ఆయన చేతే రాయించండి.